బాస్కర్‌విల్ ఎలాంటి ఫాంట్? తెలుగు-ఇంగ్లిష్ పుస్తకంలో దాన్ని ఎలా వాడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ నాన్నగారి వ్యాసాలను పుస్తకంగా తెస్తున్నారు. సగం తెలుగు, సగం ఇంగ్లిష్. డెమీ సైజు, అచ్చు హైదరాబాద్‌లోనే. డీటీపీ చేస్తున్నాయన ఇంగ్లిష్ భాగానికి అలవాటు ప్రకారం టైమ్స్ న్యూ రోమన్ పెట్టారు. మీ మిత్రులొకరు బాస్కర్‌విల్ పెట్టమన్నారు. ఇంకొకరు అది మరీ సన్నగా ఉంటుంది, కళ్ళు లాగుతాయి, వద్దన్నారు. ఎవరి మాట వినాలి, పక్కన తెలుగుకి ఏ ఫాంట్ పెట్టాలి అని మీ ప్రశ్న.

బాస్కర్‌విల్ పెట్టండి. నేను చాలా ఏళ్ళుగా పుస్తకాలకు పేజీలు కడుతున్నాను. తీరిగ్గా చదివే వ్యాసాలకు ఇంతకన్నా హుందా అయిన ఇంగ్లిష్ ఫాంట్ నాకు తోచదు. అయితే ఆ పేరుతో దొరికేవన్నీ ఒకటే ఫాంట్ కాదు. పైగా దాన్ని ఏ కాగితం మీద, ఎలా అచ్చు వేస్తున్నారన్నదాని మీద దాని అందం మిగతా ఫాంట్ల కంటే ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ రెండూ సరిగ్గా చూసుకోకపోతే మీ రెండో మిత్రుడి మాటే నిజమవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ‘కళ్ళు లాగుతాయి’ అన్న మాట సంగతి చూద్దాం. ఆ ఆరోపణ ఇప్పటిది కాదు, ఈ అక్షరాలు తయారు చేసిన జాన్ బాస్కర్‌విల్ బతికుండగానే మొదలైంది. అమెరికా నాయకుడిగా మనకు తెలిసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ వృత్తిరీత్యా ప్రింటర్. ఆయన 1760లో బాస్కర్‌విల్‌కి రాసిన ఉత్తరంలో ఒక సంగతి చెప్పారు. ఒక పెద్దమనిషి ఆయన దగ్గర కూర్చుని, ఈ బాస్కర్‌విల్ అక్షరాల గీతలు మరీ సన్నం, ఇవి చదివితే దేశంలో అందరి కళ్ళూ పోతాయి అని వాదించారట. ఫ్రాంక్లిన్ లోపలికి వెళ్ళి, విలియం కాస్లన్ టైపు నమూనా కాగితం ఒకటి తీసి, పైనున్న కాస్లన్ పేరు చింపేసి, ఇదే బాస్కర్‌విల్ నమూనా, తప్పులు చూపించండి అన్నారు. కాస్లన్ అంటే అప్పట్లో ఇంగ్లండ్ పుస్తకాల్లో అందరూ రోజూ చదివే అక్షరాలే. ఆ పెద్దమనిషి ఆ కాగితం పట్టుకుని ఒక్కో అక్షరంలో దోషాలు చూపించారు, చదువుతుంటే ఇప్పుడే కళ్ళు నొప్పెడుతున్నాయని కూడా అన్నారు.

కంటికి అలవాటు కానిదాన్ని కష్టమని అనుకోవడం ఎంత సహజమో ఈ కథలో ఉంది. అలాగని ఆ ఫిర్యాదు పూర్తిగా ఉత్తదని నేననను. బాస్కర్‌విల్‌లో సన్న గీతలు నిజంగానే సన్నవి. అవి ఎందుకు అంత సన్నగా వచ్చాయో తెలిస్తే ఈ ఫాంట్‌ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో దానంతటదే తెలుస్తుంది.

జాన్ బాస్కర్‌విల్ బర్మింగ్‌హామ్ ఊరివాడు. మొదట్లో చేతిరాత నేర్పే పంతులు, సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కే పని కూడా చేసేవారు. ఏ రకం చేతిరాతలో కావాలంటే ఆ రకంలో రాళ్ళు చెక్కి ఇస్తానని ఆయన తన గురించి చెక్కుకున్న ప్రకటన పలక బర్మింగ్‌హామ్ లైబ్రరీలో ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత లోహపు పళ్ళేలు, పెట్టెల మీద నిగనిగలాడే పూత వేసే వ్యాపారంలో బాగా సంపాదించారు. ఆ డబ్బుతో 1750 ప్రాంతంలో అక్షరాల పనిలోకి దిగారు. ఆయన గీసిన రూపాలను జాన్ హ్యాండీ అనే నిపుణుడు ఉక్కు పంచ్‌లుగా, అంటే సీసపు అక్షరాలు పోత పోయడానికి మూలమైన కడ్డీలుగా చెక్కారు. మొదటి పుస్తకం, వర్జిల్ కావ్యాలు, 1757లో గానీ బయటికి రాలేదు.

ఎందుకు అంత ఆలస్యం అంటే, ఆయన అక్షరాలతో ఆగలేదు. పలకమీద, కాగితంమీద కలంతో ఎంత సన్నటి గీత గీయగలడో తెలిసిన మనిషి. ఆ సన్నదనం అచ్చులో నిలబడాలని పట్టుబట్టారు. అప్పటి కాగితం మీద చారలు చారలుగా ఎత్తుపల్లాలుండేవి, వాటి మీద సన్న గీత విరిగిపోయేది. అందుకని జేమ్స్ వాట్‌మన్ మిల్లులో కొత్తగా తయారైన, చారలు లేని నున్నటి కాగితం తెప్పించి వర్జిల్ పుస్తకంలో కొంత భాగానికి వాడారు. సిరా ఇంకా నల్లగా వచ్చేలా తనే తయారు చేసుకున్నారు. ప్రెస్‌ను బాగు చేయించారు. అచ్చయిన కాగితాలను వేడి చేసిన రాగి పలకల మధ్య నొక్కి మెరుపు తెచ్చారు. అంటే అక్షరం, సిరా, కాగితం, ప్రెస్ నాలుగూ ఒకదానికోసం ఒకటి తయారయ్యాయి. ఇవాళ మనం వాటిలో అక్షరాన్ని ఒక్కదాన్నే ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకుని, మిగతా మూడింటినీ ప్రెస్సువాళ్ళకి వదిలేస్తున్నాం. బాస్కర్‌విల్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1758లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఆయన్ని తమ ప్రింటర్‌గా నియమించింది, 1763లో అక్కడ అచ్చు వేసిన పెద్ద సైజు బైబిల్ ఇప్పటికీ ముద్రణ కళలో గొప్ప పనిగా చెప్పుకుంటారు. డబ్బు మాత్రం రాలేదు. 1775లో ఆయన పోయాక భార్య సారా ఆ టైపును ఫ్రాన్స్‌కి అమ్మేశారు. నాటక రచయిత బోమార్షే దాన్ని కొని, వోల్టేర్ సమగ్ర రచనలు అచ్చు వేయించారు. ఇంగ్లండ్‌లో పట్టించుకోని ఆ అక్షరాల ప్రభావం ఫ్రాన్స్‌లో డిదో, ఇటలీలో బొదోని చేసిన టైపుల మీద స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత ఆ టైపును ప్రపంచం దాదాపు మరిచిపోయింది. 1917లో బ్రూస్ రోజర్స్ అనే అమెరికన్ పుస్తక డిజైనర్ కేంబ్రిడ్జ్‌లో ఉన్నప్పుడు దాన్ని గుర్తుపట్టి మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. 1923లో మోనోటైప్ కంపెనీ తన యంత్రాలకు తగ్గట్టు మళ్ళీ తయారు చేసింది. ఇంగ్లండ్ పుస్తకాల్లో 20వ శతాబ్దమంతా మనం చూసిన బాస్కర్‌విల్ అదే. అసలు పంచ్‌లను 1953లో ఫ్రెంచ్ టైపు సంస్థ అధిపతి షార్ల్ పెన్యో కేంబ్రిడ్జ్‌కి బహుమతిగా ఇచ్చేశారు.

ఇక రూపం. గీతల చివర్లో చిన్న కొసలుండే అక్షరాలను సెరిఫ్ అంటామని మీకు తెలిసే ఉంటుంది. ఆ కుటుంబంలో గారమాండ్, కాస్లన్ లాంటివి పాతతరం. బొదోని లాంటివి చివరితరం. బాస్కర్‌విల్ ఈ రెండింటి మధ్యది. తేడా పట్టుకోవాలంటే ఇంగ్లిష్ చిన్న ‘ఓ’ అక్షరాన్ని పెద్దది చేసి చూడండి. గారమాండ్‌లో సన్నబడే చోటు కాస్త ఎడమవైపుకి ఒరిగి ఉంటుంది, ఎందుకంటే అది వెడల్పు పాళీని ఏటవాలుగా పట్టుకున్న చేతి లక్షణం. బాస్కర్‌విల్‌లో సరిగ్గా నడినెత్తినా, అడుగునా సన్నబడుతుంది. లావు సన్నం తేడా పాతతరం కన్నా ఎక్కువ. అయితే బొదోనిలో లాగా సన్న గీతలు వెంట్రుకల్లా మారవు. కొసలు నిలువు గీతలోకి చిన్న వంపుతో కలుస్తాయి, కత్తిరించి అతికించినట్టు ఉండవు. గుండ్రటి అక్షరాలు బాగా వెడల్పు. పేజీ మొత్తం చూస్తే ఎక్కడా గుంపు కట్టినట్టు ఉండదు, వెలుతురుగా ఉంటుంది.

దీన్ని గుర్తుపట్టడానికి కొన్ని అక్షరాలు చాలు. చిన్న ‘జీ’ కింది గుండ్రం మూసుకోదు, తెరిచే ఉంటుంది. పెద్ద ‘క్యూ’ తోక కుంచెతో విసిరినట్టు కుడివైపుకి సాగుతుంది. పెద్ద ‘జె’ తోక మిగతా అక్షరాలు నిలబడే లైను కంటే కిందికి దిగుతుంది. పెద్ద ‘ఈ’ కింది చెయ్యి పై చెయ్యి కంటే పొడుగు. చిన్న ‘డబ్ల్యూ’ మధ్య కొనకు సెరిఫ్ ఉండదు. ఇటాలిక్ చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. పెద్ద ‘ఎన్’, ‘టి’, ‘కె’ లాంటి వాటిలో చేతిరాత పంతులు ఇంకా కనిపిస్తారు, ఆ మెలికలు కలం పట్టి రాసినవాళ్ళకే వస్తాయి. మామూలు అక్షరాల్లో అంత క్రమశిక్షణ చూపించిన మనిషి, ఇటాలిక్‌లోనూ ‘క్యూ’ తోకలోనూ మాత్రం చేతికి స్వేచ్ఛ ఇచ్చారు. నాకు ఈ ఫాంట్ మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే.

వీలైతే ఒక ఆదివారం పొద్దున ఆబిడ్స్ వెళ్ళి, ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో 1950లు, 60ల నాటి పెంగ్విన్ పుస్తకాలు తిరగేయండి. టైటిల్ పేజీ వెనక ప్రింటరు వివరాల దగ్గర ఏ టైపులో కూర్చారో చాలావాటిలో రాసి ఉంటుంది. మోనోటైప్ బాస్కర్‌విల్ అని ఉన్నది దొరికితే కొనేయండి. పసుపెక్కిన మామూలు కాగితం మీద కూడా ఆ అక్షరాలు ఎంత నిండుగా ఉన్నాయో చూడండి. సీసపు అక్షరం కాగితంలోకి దిగబడి అచ్చయ్యేది, సిరా అంచుల దాకా పాకి ప్రతి గీతా ఒక పిసరు లావెక్కేది. అప్పటి డిజైనర్లు ఆ లావును ముందే లెక్కలోకి తీసుకుని అక్షరాన్ని సన్నగా గీసేవారు. తర్వాత వచ్చిన కంప్యూటర్ ఫాంట్లలో కొన్ని ఆ సన్నటి డ్రాయింగులనే అలాగే దించేశాయి. ఇప్పటి ఆఫ్‌సెట్ అచ్చులో అక్షరం కాగితంలోకి దిగదు కాబట్టి ఆ పిసరు లావు రాదు, పేజీ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మీ రెండో మిత్రుడు చూసింది బహుశా అలాంటి పుస్తకమే.

అందుకే ఏ బాస్కర్‌విల్ అన్నది పెద్ద ప్రశ్న.

విండోస్ కంప్యూటర్లలో ఆఫీస్‌తో పాటు వచ్చే ‘బాస్కర్‌విల్ ఓల్డ్ ఫేస్’ మన డీటీపీ సెంటర్లలో ఎక్కువగా కనబడుతుంది. పేరు చూసి అదే పెట్టేస్తారు. దయచేసి పుస్తకం లోపలి పేజీలకు దాన్ని వాడనివ్వకండి. అది బాస్కర్‌విల్ స్వయంగా చేసినది కాదు. ఆయన అక్షరాలు చూసి 1760ల్లో ఫ్రై టైపు సంస్థ కోసం ఐజాక్ మూర్ చేసినదాని వారసురాలు. పెద్ద సైజులో టైటిళ్ళకు బాగుంటుంది. 11 పాయింట్‌లో దాని సన్న గీతలు మాయమవుతాయి. పైగా ఒక్క రెగ్యులర్ తప్ప ఇటాలిక్, బోల్డ్ అందులో లేవు. ఇటాలిక్ బటన్ నొక్కితే కంప్యూటర్ ఉన్న అక్షరాన్నే వంచి చూపిస్తుంది. ఇందాక చెప్పిన చేతిరాత పంతులి ఇటాలిక్ మీకు దక్కదు.

మ్యాక్‌లో వచ్చే ‘బాస్కర్‌విల్’ మోనోటైప్ వంశానిది. ఇటాలిక్, సెమీబోల్డ్, బోల్డ్ అన్నీ ఉన్నాయి, మంచి కాగితమైతే నిశ్చింతగా వాడొచ్చు. డబ్బు పెట్టి కొనేవాటిలో ‘ఐటీసీ న్యూ బాస్కర్‌విల్’ ఉంది. 1978లో మాథ్యూ కార్టర్, జాన్ క్వారంటా కలిసి చేశారు. కొంచెం దిట్టంగా, శుభ్రంగా ఉంటుంది.

ఉచితంగా దొరికేది ‘లిబ్రే బాస్కర్‌విల్’. అర్జెంటీనాకు చెందిన పాబ్లో ఇంపయారి చేశారు. అమెరికన్ టైప్ ఫౌండర్స్ వారి 1941 నాటి బాస్కర్‌విల్ దీనికి ఆధారం. మొదట తెర మీద చదవడానికి ఉద్దేశించారు కాబట్టి చిన్న అక్షరాల ఎత్తు బాగా పెంచారు, లోపలి ఖాళీలు వెడల్పు చేశారు, లావు సన్నం తేడా తగ్గించారు. తెరకోసం చేసిన ఆ మార్పులే మన మామూలు కాగితానికి కూడా కలిసొస్తాయి, గీత తెగదు. ఒక్కటే జాగ్రత్త. ఇది సైజుకి చాలా పెద్దగా కనిపిస్తుంది. మామూలు బాస్కర్‌విల్ 11 పాయింట్ పెట్టే చోట దీన్ని 9 పాయింట్ పెడితే చాలు. డీటీపీ ఆయన అలవాటుగా 11 లేదా 12 పెట్టారంటే పేజీలు విపరీతంగా పెరుగుతాయి. పుస్తకం 16 పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది కాబట్టి అది నేరుగా మీ ఖర్చు. మీ పరిస్థితిలో, విండోస్ మీద పని జరుగుతుంటే, నేను ఇదే ఎంచుకుంటాను.

‘మిసెస్ ఈవ్స్’ అనే పేరు కూడా మీ కంట పడుతుంది. జుజానా లిచ్కో 1996లో చేసిన ఫాంట్ అది. బాస్కర్‌విల్ ఇంట్లో పనులు చూసే మనిషిగా వచ్చి, తర్వాత ఆయన్ని పెళ్ళాడిన సారా ఈవ్స్ పేరు పెట్టారు. అక్షరాల మధ్య ఎడం ఎక్కువ. కవితలకు, అధ్యాయాల శీర్షికలకు ఎంతో బాగుంటుంది. పేజీలకు పేజీలు వ్యాసాలు మాత్రం దాంట్లో పెట్టకండి.

టైమ్స్ న్యూ రోమన్ గురించి ఒక మాట. అది చెడ్డ ఫాంట్ కాదు. లండన్ ‘టైమ్స్’ పత్రిక కోసం స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో తయారై, 1932 అక్టోబర్ 3 సంచికతో వాడుకలోకి వచ్చింది. ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలి, అయినా చదవగలగాలి అన్నది దాని లక్ష్యం. కోర్టు పిటిషన్, ఆఫీసు ఉత్తరం, థీసిస్ లాంటి వాటికి అది సరిపోతుంది. యూనివర్సిటీ నిబంధనల్లో టైమ్స్ అని ఉంటే ఇంకో మాట లేకుండా అదే వాడాలి. మీ పుస్తకానికి ఇరుకు కాలమ్ లేదు. డెమీ పేజీలో నాలుగూ పావు అంగుళాల లైను ఉంటుంది. మామూలు బాస్కర్‌విల్ 11 పాయింట్ అయినా, లిబ్రే 9 పాయింట్ అయినా ఆ లైనులో సుమారు 60 నుంచి 65 అక్షరాలు పడతాయి. కంటికి హాయి అయిన లెక్క అది.

బాస్కర్‌విల్ నప్పని చోట్లు కూడా చెప్పాలి. ఫ్లెక్సీ బ్యానర్ మీద దూరానికి సన్న గీతలు కనిపించవు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలుగా చిన్న సైజులో వేస్తే సిరా పాకి గీతలు పూడుకుపోతాయి. ఇరుకు పట్టికలు, దరఖాస్తు ఫారాలు, 8 పాయింట్ కంటే చిన్న ఫుట్‌నోట్లకు ఇంకో ఫాంట్ చూసుకోవడమే మంచిది. పెళ్ళికార్డుల్లో ఇంగ్లిష్ వైపు మాత్రం పెద్ద సైజులో చాలా నిండుగా ఉంటుంది. ఛత్తా బజార్‌లో కార్డు ప్రింట్ చేయించే వాళ్ళకు, కంప్యూటర్లో దొరికే మెలికల ఫాంట్ల బదులు పేర్లు బాస్కర్‌విల్ ఇటాలిక్‌లో వేయించమని నేను ఎప్పుడూ చెబుతుంటాను. కెనడా ప్రభుత్వం తన దేశం పేరును చిహ్నంగా వాడేటప్పుడు రాసేది కూడా బాస్కర్‌విల్ రూపంలోనే, చివరి అక్షరం మీద చిన్న జెండాతో.

నమ్మకం కలిగించే ఫాంట్ అని కూడా దీనికి పేరుంది. 2012లో ఎరల్ మోరిస్ అనే డాక్యుమెంటరీ దర్శకుడు ‘న్యూయార్క్ టైమ్స్’ వెబ్‌సైట్‌లో ఒక ప్రయోగం చేశారు. ఒకే వాక్యాన్ని ఆరు ఫాంట్లలో దాదాపు 45 వేల మందికి చూపించి ఒప్పుకుంటారా లేదా అని అడిగితే, బాస్కర్‌విల్‌లో చదివినవాళ్ళు కొంచెం ఎక్కువగా ఒప్పుకున్నారు. ఆ తేడా చాలా చిన్నది. దాన్ని చూసి ఫాంట్ ఎంచుకోనక్కర్లేదు. మీ నాన్నగారి వాదన బలం ఆయన రాతలోనే ఉంటుంది.

కాగితం విషయానికొస్తే, మెరిసే ఆర్ట్ పేపర్ వద్దు, వెలుతురు పడి మెరుస్తూ నిజంగానే కళ్ళు లాగుతాయి. మామూలుగా పుస్తకాలకు వాడే ‘మ్యాప్‌లితో’ కాగితం మరీ తెల్లగా ఉంటే అది కూడా బాస్కర్‌విల్‌కి కఠినంగా ఉంటుంది. 70 లేదా 80 జీఎస్‌ఎం నేచురల్ షేడ్ తీసుకోండి, లేత గోధుమ రంగు మీద ఆ సన్న గీతలు మెత్తగా కూర్చుంటాయి. అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే, నూటికి నూరు శాతం ఉండాలి. కొంతమంది డిజైనర్లు అందం కోసమని బూడిద రంగు పెడతారు. అప్పుడు అచ్చులో గీత చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. నాలుగు రంగులు కలిపి నలుపు తెస్తే, రంగులు ఒక వెంట్రుకంత పక్కకు జరిగినా సన్న గీతలకు నీడ వస్తుంది. ఇంకో సంగతి: డీటీపీ సెంటర్‌లో లేజర్ ప్రింటర్ మీద తీసే ప్రూఫ్‌లో అక్షరం అసలు కంటే లావుగా కనిపిస్తుంది. ప్రెస్సులో అచ్చుకు వాడే ప్లేటు మీద అది ఇంకా సన్నబడుతుంది. కాబట్టి ఆ ప్రూఫ్ తప్పులు దిద్దుకోవడానికే, అక్షరం బరువు తేల్చుకోవడానికి కాదు.

ఇప్పుడు తెలుగు. మన లిపి తాటాకు మీద గంటంతో పెరిగింది. గంటం ఎటు తిప్పినా గీత మందం దాదాపు ఒకటే. బాస్కర్‌విల్ పాళీ లిపి, అందులో లావు సన్నం తేడాయే ప్రాణం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడంలో ఉన్న ఇబ్బంది ఇది. గీత అంతా ఒకే మందంతో ఉండే తెలుగు ఫాంట్ పక్కన బాస్కర్‌విల్ పెడితే తెలుగు బోల్డ్ పెట్టినట్టు, ఇంగ్లిష్ వెలిసినట్టు కనిపిస్తాయి. గుండ్రదనంలో మాత్రం రెండూ దగ్గర. వెడల్పాటి గుండ్రటి బాస్కర్‌విల్ అక్షరాలు మన ‘ర’, ‘ల’, ‘ద’ల పక్కన టైమ్స్ కంటే ఎంతో సహజంగా ఇముడుతాయి.

అందుకని గీతలో లావు సన్నం ఉన్న తెలుగు ఫాంట్ తీసుకోండి. ఉచితంగా దొరికేవాటిలో నా మొదటి ఎంపిక ‘టైరో తెలుగు’. సాహిత్య పుస్తకాలు కూర్చడానికే చేసిన ఫాంట్ అది, ఒత్తులు, గుణింతాలు జాగ్రత్తగా కూర్చుంటాయి. రెండోది ‘నోటో సెరిఫ్ తెలుగు’. ఇందులో రకరకాల మందాలున్నాయి కాబట్టి ఇంగ్లిష్ పక్కన బరువు సరిచూసుకోవచ్చు. ‘రామభద్ర’ లాంటి దిట్టమైన ఫాంట్లు శీర్షికలకు మంచివి, వ్యాసం మొత్తానికి బరువెక్కువ.

సైజు అంకెను నమ్మకండి. తెలుగు 12, ఇంగ్లిష్ 12 పెడితే రెండూ సమానంగా కనిపిస్తాయని అనుకుంటారు, కనిపించవు. ఒకే లైనులో తెలుగు ‘న’, ‘ల’ల పక్కన ఇంగ్లిష్ చిన్న ‘ఎన్’, ‘ఓ’ టైప్ చేసి పెద్దది చేసి చూడండి. తలకట్టు వదిలేసి తెలుగు అక్షరం ఒళ్ళు ఎంత ఎత్తుందో చూడండి. ఇంగ్లిష్ చిన్న అక్షరం దానికంటే ఒక పిసరు తక్కువగా కనిపించేదాకా సైజు మార్చండి. లైన్ల మధ్య ఎడం తెలుగే నిర్ణయిస్తుంది. ‘స్వాతంత్ర్యం’, ‘రాష్ట్రీయ’ లాంటి మాటలు పై లైనులో ఒకటి, కింది లైనులో ఒకటి వచ్చేలా పెట్టి, ఒత్తు కింది గుడికి తగలకుండా ఉందో లేదో చూసి లీడింగ్ (లైన్ల మధ్య ఎడం) ఖాయం చేయండి. ఇంగ్లిష్ వ్యాసాలు విడిగా ఉన్నాయి కాబట్టి వాటికి అంత ఎడం అక్కర్లేదు, 11 పాయింట్ అక్షరానికి లైను నుంచి లైనుకి 14 లేదా 14.5 పాయింట్లు సరిపోతుంది. లిబ్రే 9 అయితే 14.

డీటీపీ ఆయన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తున్నారా, ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తో చేస్తున్నారా అన్నది ముందే అడగండి. అను లాంటి పాత పద్ధతిలో తెలుగు అక్షరాలు లోపల ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే కూర్చుని ఉంటాయి. పేరా మొత్తం సెలెక్ట్ చేసి బాస్కర్‌విల్ పెట్టారంటే తెలుగంతా అర్థంలేని ఇంగ్లిష్ అయిపోతుంది, ప్రూఫ్ చూసినవాళ్ళ కన్నుగప్పి ఒక్కో మాట అలాగే అచ్చైపోతుంది కూడా. అలాంటప్పుడు తెలుగుకి, ఇంగ్లిష్‌కి వేరువేరు స్టైళ్ళు పెట్టి చేయమనండి. యూనికోడ్ అయితే ఈ బాధ లేదు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఆన్ చేయాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. తెలుగు పేరాల్లో మధ్యమధ్య వచ్చే ఇంగ్లిష్ మాటలకు గ్రెప్ స్టైల్ (ఫలానా రకం అక్షరాలను వెతికి స్టైల్ మార్చే ఇన్‌డిజైన్ సదుపాయం) పెడితే ఇంగ్లిష్ అక్షరాలన్నీ వాటంతటవే బాస్కర్‌విల్‌లోకి మారతాయి. సంవత్సరాలు, అంకెలు తెలుగు భాగంలో తెలుగు ఫాంట్‌వే ఉంచండి.

తెలుగుని ఇటాలిక్ చేయనివ్వకండి. మన లిపికి ఆ సంప్రదాయం లేదు, కంప్యూటర్ వంచితే ఒత్తులు పక్కకి జారినట్టు కనిపిస్తాయి. పుస్తకాల పేర్లు ఇంగ్లిష్ భాగంలో ఇటాలిక్‌లో, తెలుగు భాగంలో కోట్స్‌లో పెట్టండి.

ఇంగ్లిష్ వ్యాసాల్లో తెలుగు పేర్లను పండితుల పద్ధతిలో, అక్షరం మీద అడ్డగీత, కింద చుక్క పెట్టి రాశారేమో చూసుకోండి. చాలా బాస్కర్‌విల్ ఫాంట్లలో కింద చుక్క ఉన్న అక్షరాలు ఉండవు. సాఫ్ట్‌వేర్ చెప్పకుండా వేరే ఫాంట్ నుంచి ఆ ఒక్క అక్షరం తెచ్చి పెడుతుంది. మాట మధ్యలో ఒకే అక్షరం లావుగా కనిపిస్తే అదే కారణం. అలాంటి అక్షరాలు పుస్తకం నిండా ఉంటే నా సలహా మార్చుకుంటాను: ‘ఈబీ గారమాండ్’ ఉచితం, ఆ గుర్తులన్నీ ఉన్నాయి, దాంట్లో పెట్టండి. రూపాయి గుర్తు విషయంలోనూ ఇదే చిక్కు. ఆ గుర్తు వచ్చింది 2010లో, అంతకుముందు తయారైన ఫాంట్లలో అది ఉండదు. వెనక అట్ట మీద ధర దగ్గర ఖాళీ డబ్బా పడకుండా చూసుకోండి, లేదా ‘రూ.’ అని రాయించండి.

ఇప్పుడు చేయాల్సింది: డీటీపీ ఆయన్ని మూడు పేజీలు మాత్రమే కట్టమనండి, ఒకటి పూర్తి తెలుగు, ఒకటి పూర్తి ఇంగ్లిష్, ఒకటి రెండూ కలిసినది. ప్రెస్సులో మీ పుస్తకానికి అనుకుంటున్న కాగితం నాలుగు షీట్లు అడిగి తెచ్చుకుని ఆ పేజీలు దాని మీదే తీయించండి. లేజర్ ప్రింట్‌లో అక్షరం కాస్త లావుగా వస్తుంది కాబట్టి, అందులోనే పలచగా అనిపిస్తే ఆ ఫాంట్ ప్లేటు మీద నిలవదు, లిబ్రేకి మారిపోండి. ఇంట్లో అరవై దాటినవాళ్ళెవరైనా ఉంటే సాయంత్రం ట్యూబులైటు కింద వాళ్ళతో ఒక పేజీ పూర్తిగా చదివించండి. మీ నాన్నగారి పాఠకుల్లో ఎక్కువమంది ఆ వయసువాళ్ళే అయుంటారు. వాళ్ళు ఎక్కడ ఆగుతున్నారో చూసి సైజు అర పాయింట్ అటూ ఇటూ చేసుకోండి. ఆ మూడు పేజీలూ ఫొటో తీసి పెడితే లీడింగ్, మార్జిన్లు చూసి చెబుతాను.